ఏడు వేళ్ల కీబోర్డు

మేడ్చల్‌లో నేను వెళ్లే గ్రంథాలయం వాళ్లు నిరుడు వారోత్సవాల తర్వాత ఒక చిన్న సంచిక వేశారు. అందులో నా వ్యాసం ఒకటి ఉంది. కంప్యూటర్లను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ల వ్యాపారంలో పోటీ తక్కువగా ఉండడం వల్ల కొత్తదనం ఆగిపోతోందా అన్నది విషయం. ఆగిపోతోందని రాశాను. ఆ మాటకు ఇప్పటికీ చాలావరకు కట్టుబడి ఉన్నాను. కానీ మూడో పేజీలో ఒక ఉదాహరణ ఇచ్చాను. శామీర్‌పేటలో డీటీపీ పని చేసుకునే ఒకామె, ఏళ్ల తరబడి తన చేతికి తగ్గట్టు చేసుకున్న కీబోర్డును ఎలా పోగొట్టుకుందో చెప్పి, దానికి పెద్ద కంపెనీ కారణమన్నాను. అది అబద్ధం. కారణం నేను. అచ్చయిన మాట కాబట్టి చదివినవాళ్లు నమ్మారు. ఒకాయన అయితే దాని వల్ల నష్టపోబోయి, ఒక్క పూట తేడాతో తప్పించుకున్నాడు. అందుకే ఇది రాసి ఆ గ్రంథాలయానికే ఇస్తున్నాను. సంచిక తీసుకెళ్లిన వాళ్లందరికీ ఇది చేరదని తెలుసు. అయినా ఆ సంచిక ఉన్న బీరువాలో ఇదీ ఉండాలి.

నేను పదో తరగతితో ఆపేశాను. గుండ్లపోచంపల్లిలో ఒక మందుల గోదాములో సరుకు చూసుకునే పని నాది. సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి, బండి మీద నేరుగా గ్రంథాలయానికి వెళ్లి, తలుపులు మూసేదాకా చదవడం ఇరవై ఏళ్ల అలవాటు. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి అరగంట పెట్టి నేర్చుకున్నదే. అర్థశాస్త్రం, సైన్సు, కంప్యూటర్లు, ఏది దొరికితే అది. గోదాములో డిగ్రీలు చేసిన పిల్లలు నన్ను ప్రొఫెసర్ అని వెక్కిరించేవాళ్లు. వెక్కిరింపని తెలిసినా నాకు లోపల బాగానే ఉండేది.

ఆ చదువులో నన్ను బాగా పట్టుకున్న సంగతి ఈ పోటీ. ఇంటర్నెట్ చూసే ప్రోగ్రామ్ ఒకటే రాజ్యం ఏలినన్నాళ్లూ అది ఏళ్లకేళ్లు మారలేదనీ, పక్కన ఇంకొకటి వచ్చి నిలబడగానే రెండూ చకచకా మారాయనీ చదివాను. బల్ల మీది కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఒకే కంపెనీ సిస్టమ్ మీద నడుస్తాయి. వాళ్లు పాతదాన్ని వదిలేస్తున్నామని చెప్పిన రోజున, బాగా పనిచేస్తున్న యంత్రం కూడా చెత్త కింద లెక్క. ఎవరైనా ఉచితంగా వాడుకోగల సిస్టమ్ ఒకటి ఉంది, కానీ జనానికి దాని పేరే తెలియదు. ఇవన్నీ ఎవరో ఒకరికి చెప్పాలని నాకు ఆరాటం. వినేది ఆమె ఒక్కతే.

ఆమె దుకాణం శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు దిగి మండలాఫీసుకు వెళ్లే దారిలో ఉంటుంది. జిరాక్స్, లామినేషన్, డీటీపీ. మా అవ్వ పింఛను దరఖాస్తు టైపు చేయించడానికి మొదటిసారి వెళ్లాను. చుట్టరికం ఏమీ లేదు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద, అక్కా అన్నాను, ఆమె తమ్మీ అంది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు గడ్డి కోసే మిషన్‌లో కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. ఆ చేత్తోనే టైపు నేర్చుకుని, పెళ్లి కార్డులు, బోనాల ఫ్లెక్సీలు, భూమి దరఖాస్తులు, రెండు ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలు చేసి ఇల్లు నడిపింది.

ఎలా చేసేదో చెప్పాలి. ఆమె వాడేది తెలుగు కొట్టడానికి వాడే ఒక పాత ప్రోగ్రామ్. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందులో ఏ అక్షరం ఏ మీట మీద ఉండాలో మనమే మార్చుకునే వీలుంది. అందరూ దాన్ని చూసి వదిలేస్తారు, ఎందుకంటే అందరికీ పది వేళ్లున్నాయి. ఆమె పదిహేనేళ్ల పాటు ఒక్కో మీటా జరుపుకుంటూ వచ్చింది. కుడి చిటికెన వేలు కొట్టాల్సిన వత్తులన్నీ ఎడమకు తెచ్చుకుంది. దీర్ఘాలు చూపుడువేలు కిందికి వచ్చాయి. ‘గౌరవనీయులైన తహసీల్దార్ గారికి’ అన్న మొత్తం మాట ఒకే మీట మీద, ‘సర్వే నంబరు’ ఇంకో మీట మీద. బయటి మనిషి తన భూమి గొడవ చెప్పుకుని ఏడ్చి కళ్లు తుడుచుకునేసరికి దరఖాస్తు ప్రింటర్‌లోంచి వచ్చేది. నేను కళ్లారా చూసేవాణ్ణి. చూస్తూనే, కొత్తదనం అనేది ఎక్కడో పెద్ద కంపెనీల గదుల్లో పుడుతుందని ఆమెకే ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

నిరుడు దసరా వెళ్లాక ఒకరోజు ఆమె తెర మీద పెద్ద నోటీసు కనిపించింది.

“ఇదేంది అక్కా?”

“రోజు గిదే లొల్లి తమ్మీ. షట్టర్ తీయంగనే, ఇగ నీ మిషన్‌కు మాకు సంబంధం లేదు, కొత్తది కొనుక్కో అంటాంది. మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు కొనాలె?”

నాకు పండగ వచ్చినట్టయింది. పోటీ లేకపోతే ఇట్లనే చేస్తరని మొదలుపెట్టి, ఉచిత సిస్టమ్ గురించి చెప్పుకుపోయాను. ఆమె లామినేషన్ మిషన్ వేడెక్కేదాకా విని, మధ్యలో ఆపింది.

“నీ లైబ్రరీ ముచ్చట తర్వాత. నా పని ఆగకుంట అయితదా కాదా, గది చెప్పు.”

“ఒక్క ఆదివారం ఇయ్యి అక్కా. సోమవారం పొద్దుగాల కూసుని కొట్టుకుంటవు.”

“నా కీబోర్డు వస్తదా?”

“అన్ని కాపీ చేస్త అక్కా. ఒక్కటి పోదు.”

ఆమె ఏ కీబోర్డు గురించి అడిగిందో నాకు స్పష్టంగా తెలుసు.

ఆదివారం ఆమె తూంకుంటలో చుట్టాలింటికి పోతూ తాళం చెవి నా చేతికిచ్చింది. నేను పెన్‌డ్రైవ్ పెట్టి, ఆమె పత్రాలున్న ఫోల్డరు, తెర మీద ఉన్నవీ కాపీ చేశాను. ఫొటోలు కూడా వదలలేదు. ఆ కీబోర్డు అమరిక మాత్రం పాత ప్రోగ్రామ్ సొంత ఫోల్డరులో, వేరే చోట ఉంది. ఆ ఫోల్డరు ఉంటే ప్రోగ్రామ్‌ను కొత్త సిస్టమ్‌లోనూ నడిపించుకోవచ్చు. అక్కడికి వెళ్లాలని నాకు గుర్తు రాలేదు. ఆ క్షణంలో నేను ఆమె పని గురించి ఆలోచించడం లేదు. జీవితంలో మొదటిసారి ఒక కంప్యూటర్‌ను ఆ కంపెనీ చేతుల్లోంచి విడిపిస్తున్నానని ఆలోచిస్తున్నాను. డిస్కు మొత్తం తుడిచెయ్యమంటారా అని తెర అడిగింది. సరే అని నొక్కాను.

సోమవారం ఆమె కూర్చుని రెండు మాటలు కొట్టి, ఆగి, నావైపు చూసింది. “నాది ఏది తమ్మీ?”

పెన్‌డ్రైవ్ తెరిచి వెతుకుతున్నట్టు నటించాను. అందులో లేదని మొదటి చూపులోనే తెలిసిపోయింది. అప్పుడు ‘మర్చిపోయిన అక్కా’ అని ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు. కానీ నా నోటి వెంట వచ్చింది ఇది:

“అది ఇందుల రాదక్కా. ఆ కంపెనీ సిస్టమ్ల చేసుకున్నవి ఇంకో దాంట్లకు పోకుండ వాళ్లు తాళం వేసి పెడతరు. పోటీ లేకపోతే గంతే.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. చదివిన పుస్తకాలన్నీ వెనక నిలబడి అందించినట్టు వచ్చింది. ఆమె కాసేపు తన కుడిచేతిని చూసుకుని, “దొంగ నా కొడుకులు” అంది కంపెనీ వాళ్లను. తర్వాత నాకు టీ తెప్పించింది.

తుడిచేసిన డిస్కు నుంచి తిరిగి తీయగల ప్రోగ్రామ్‌లు ఉంటాయి. ఇంకేవో సర్దాలని తాళం చెవి తీసుకుని, ఆమెకు తెలియకుండా రెండు ఆదివారాలు వాటితో ప్రయత్నించాను. దాని మీద కొత్త సిస్టమ్ రాసేసి ఉండడంతో సగం విరిగిన ఫొటోలు తప్ప ఏమీ రాలేదు. పాత ప్రోగ్రామ్ సీడీ ఆమె దగ్గర లేదు. ఇక అందరూ వాడే మామూలు తెలుగు కీబోర్డు ఆమెకు నేర్పాను. రెండు వేళ్లతో ఆ చెయ్యి బల్ల చివరిదాకా పాకి, వెనక్కి వచ్చి, మళ్లీ పాకేది. పదిహేను నిమిషాల దరఖాస్తు గంట పట్టేది. మండలాఫీసు మూసే వేళవుతోందని జనం ఎదుటి దుకాణానికి వెళ్లిపోయేవాళ్లు. మణికట్టు వాచి, దానికి గుడ్డ కట్టుకుంది. డిసెంబరులో ఒక బడి వాళ్లు ప్రశ్నపత్రాలు కొంపల్లిలో చేయించుకుంటామని చెప్పి తీసుకెళ్లారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె వాళ్ల పాత కాగితాలన్నీ కట్టగట్టి ఇచ్చేసింది. పైగా, “నువ్వు లేకుంటే కొత్త మిషన్ కొనవడ్తుండె తమ్మీ” అని నన్నే మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా చెప్పేద్దామని నోరు తెరిచేవాణ్ణి. గిరాకీ వచ్చిందనో, ఆమె అలసిపోయి ఉందనో సాకు దొరికేది.

వారోత్సవాల్లో మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగినప్పుడు వద్దనలేకపోయాను. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీల్లో కూర్చుని విన్నవాణ్ణి, ఇప్పుడు మైకు ముందు నిలబడబోతున్నాను. ఉపన్యాసంలో అన్నీ పుస్తకాల సంగతులే ఉన్నాయి, మన ఊరి ఉదాహరణ ఒకటి ఉంటే బాగుంటుందన్నారాయన. నా చేతిలో ఉన్న ఉదాహరణ ఒక్కటే. అందరూ చప్పట్లు కొట్టారు. మూడు వేళ్లు లేని ఆమె కథ దగ్గర ఒకావిడ కళ్లు ఒత్తుకుంది.

సంచిక కోసం ఆ ఉపన్యాసాన్ని టైపు చేయాల్సి వచ్చింది. ఇంకెక్కడికో తీసుకెళ్తే ఆమె నొచ్చుకుంటుంది. ఆమె దగ్గరికే తీసుకెళ్లాను. మూడో పేజీ దగ్గర ఆమె ఆగింది.

“తమ్మీ, గీడ నా ముచ్చట రాసినవ్.”

“పేరు రాయలే అక్కా.”

“పేరు రాయకుంటే తెల్వదా? శామీర్‌పేటల మూడు వేళ్లు లేని డీటీపీ ఆమెలు డజను మంది ఉన్నరా ఏంది?” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. “గీ తాళం ముచ్చట నిజమేనా? మల్ల అచ్చయితది సూడు.”

“నిజమే అక్కా.”

సరేనని మొదలుపెట్టింది. తన గురించి నేను రాసిన అబద్ధాన్ని, నేను తీసేసిన వేళ్లు లేకుండా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఆ ఎనిమిది వాక్యాలు అయ్యేదాకా నేను ఫోన్ చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం వెళ్తే, ఆమె మామూలుగా కబురు చెప్పింది.

“తూంకుంటల డీటీపీ అన్న లేడా, పొద్దుగాల వచ్చిపోయిండు. ఆయనది గూడ నా అసొంటి పాత ప్రోగ్రామే. కీలన్ని మార్సుకున్నడు, ఇరవై ఏండ్ల పని. రేపు మిషన్ల సిస్టమ్ మార్పిస్తున్నడట. కీబోర్డు ఎట్ల దాసుకోవాలె చెల్లె అని అడిగిండు.”

“నువ్వేమన్నవు?”

“ఎందుకన్నా తిప్పలు, అది రాదు అన్న. నమ్మలే. మా తమ్ముడు మస్తు సదివినోడు, అచ్చేసిండు సూడు అని నీ సంచిక తీసి సూపెట్టిన. సదివి, ఇగ గంతే తియ్యి అని పోయిండు పాపం.”

నాకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. సరే అని నొక్కడానికి ఎంతసేపు పడుతుందో గుర్తొచ్చింది.

“అక్కా, ఆయనకు ఫోన్ చెయ్యి. మిషన్ ముట్టొద్దను.”

“ఎందుకు?”

“ప్రోగ్రామ్ ఫోల్డరు కాపీ చేస్కుంటే దాంతోనే అది వస్తది. తాళం గీళం ఏం లేదు. నీది నేను కాపీ చెయ్యలే. మర్చిపోయిన. పరేషాన్‌ల నోటికి వచ్చింది చెప్పిన.”

ఆమె నన్ను చూడలేదు. ముందు ఫోన్ తీసింది. “అన్నా, మిషన్ ముట్టకు. నేను తప్పు చెప్పిన. గా ప్రోగ్రామ్ ఫోల్డరు మొత్తం జల్దీ ఒక దాంట్ల ఎక్కించుకో” అంది. తప్పు తన మీద వేసుకుంది. ఫోన్ పెట్టేశాక ఒక ముసలాయన ఆధార్ జిరాక్స్‌కు వచ్చాడు. రెండు వైపులా తీసి ఇచ్చి, ఆయన మెట్లు దిగేదాకా ఊరుకుంది.

“పోయింది అక్కా అంటే నేను ఏం జేసేదాన్నో తెల్సా?” అంది. “రెండ్రోజులు ఏడ్సి, నిన్ను నాలుగు తిట్టి, మూడో రోజు మల్ల మొదలు పెడ్తుంటి. అది ఎవలన్న నాకు ఇస్తే వచ్చిందా? నేనే గదా జరుపుకుంట జరుపుకుంట చేసిన. ‘పోయింది’ అని నువ్వు అనలే. రాదు అన్నవ్. రానిదానికి ఎవలన్న తిప్పలు వడ్తరా? నాలుగు నెలలు గీ పది వేళ్లోళ్ల కీబోర్డు మీద చెయ్యి ఇరగ్గొట్టుకున్న.”

క్షమాపణ చెప్పబోయాను. ఆ చెప్పడంలో కూడా ఏదో చదివిన మాట దూరింది, అది ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు.

“ఇగ సాలు. నువ్వు సదివినవి నాకు చెప్పకు. నువ్వు ఎక్కించిన దీంట్ల కీలు జరపవస్తదా, రాదా? గది ఒక్కటి సూసి చెప్పు.”

నాకు తెలియదు. ఆ సిస్టమ్ గురించి నలభై నిమిషాలు మైకులో మాట్లాడినవాణ్ణి, అందులో కీబోర్డు మార్చవచ్చో లేదో నాకు తెలియదు. సోమవారం గ్రంథాలయానికి వెళ్లి వెతికాను. నేను రెండుసార్లు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకంలోనే ఉంది. ఏ మీటకు ఏ అక్షరం అన్నది మామూలు అక్షరాల్లో రాసి ఉన్న ఒక చిన్న ఫైలు, ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. ఆ అధ్యాయంలో వాదన ఏమీ లేదు, చేసే పద్ధతి మాత్రమే ఉంది. అందుకే రెండుసార్లూ దాన్ని దాటేశాను. ఒకే మీటతో పడే పొడుగు మాటలకు వేరే ఫైలు రాయాలి, అదీ పక్క పేజీలోనే ఉంది.

వ్యాసంలో రాసిన దాన్ని ఇక్కడ కొంత సరిచేయాలి. ఒకే కంపెనీ ఉంటే అది మన అవసరం చూడదన్నాను. నిజమే, బాగున్న యంత్రాన్ని పారేయమన్నది వాళ్లే. కానీ పోటీ ఉంటే చాలునని కూడా రాశాను. ఒకప్పుడు తెలుగు కొట్టే ప్రోగ్రామ్‌లు చాలా ఉండేవి. గట్టి పోటీ. ఒకదానిలో కొట్టింది ఇంకో దుకాణంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. ప్రతివాడూ తన గోడ తను కట్టుకున్నాడు. ఇప్పుడున్న రెండు సిస్టమ్‌లూ ఆమె ముందు పెడితే, రెండూ పది వేళ్లను అనుకునే కీబోర్డు పరుస్తాయి. తేడా ఒక్కటే, ఏది తన లోపలికి చెయ్యి పెట్టనిస్తుంది అన్నది. ఆ చిన్న మూతపడిన కంపెనీ పెట్టనిచ్చింది కాబట్టి ఆమె పదిహేనేళ్లు పని చేయగలిగింది. పెట్టనిచ్చినా, అది కుదరదని చెప్పే నాలాంటివాడు పక్కన ఉంటే అదీ లేనట్టే. ఎన్ని కంపెనీలు ఉండాలన్న లెక్కలో ఈ మనిషిని నేను చేర్చుకోలేదు.

తర్వాతి ఆదివారం వెళ్లాను. ఆమె కుర్చీ చూపించి, “కూసోండి సార్” అంది.

తమ్మీ అనలేదు. నువ్వు అనలేదు. ఆ పిలుపుతో కోప్పడలేదు, ఎగతాళీ చేయలేదు. దుకాణానికి వచ్చే మండలాఫీసు వాళ్లను ఎలా పిలుస్తుందో అలా పిలిచింది.

ఏడు ఆదివారాలు పట్టింది. ఆమె కళ్లు మూసుకుని, వట్టి బల్ల మీద ఒక పాత దరఖాస్తు కొడుతున్నట్టు వేళ్లు కదిపేది. ఏ వేలు ఎక్కడ పడిందో నేను కాగితం మీద గుర్తు వేసేవాణ్ణి. వత్తులన్నీ వేళ్లకు గుర్తున్నాయి. పొడుగు మాటల మీటలను సగం మర్చిపోయాయి. తూంకుంట ఆయన తన అమరికను ప్రింటు తీసి తెచ్చి ఇచ్చాడు. అందులోంచి రెండు మూడు మీటలు ఆమె తీసుకుంది, ఆయనా ఈమెవి రెండు తీసుకున్నాడు. ‘ర’ వత్తును ఈసారి వేరే చోట పెట్టి, కొట్టి చూసి, “పాతదానికన్న గిదే నయమున్నది” అని తనలో తను అనుకుంది. నాతో అనలేదు. పాత వేగం ఇంకా రాలేదు. మణికట్టు గుడ్డ మాత్రం తీసేసింది. ఫైలును మూడు చోట్ల దాచుకుంది. ఎలా దాచాలో నన్ను అడగలేదు, తూంకుంట ఆయన్ను అడిగింది.

ఇలాంటి రాతల చివర పేర్లు పెట్టి కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి. తన పేరు వద్దని ఆమె అంది. ఆమె పేరు లేని చోట మిగతావాళ్ల పేర్లు ఉండడం బాగుండదు కాబట్టి పనులతోనే చెబుతాను. నా తప్పును దాచకుండా బీరువాలో చోటిస్తానన్న లైబ్రేరియన్ గారికి, ఏడు ఆదివారాల డ్యూటీ మార్చి ఇచ్చిన మా గోదాము సూపర్‌వైజర్‌కు, తన ఇరవై ఏళ్ల అమరికను ప్రింటు తీసి ఇచ్చిన తూంకుంట అన్నకు, వెళ్లిపోయిన ప్రశ్నపత్రాల్లో ఒక తరగతివి, ఒక్క తరగతివే, ఈ నెల తిరిగి తెచ్చిన బడి క్లర్కమ్మకు నా కృతజ్ఞతలు.

చివరగా ఆమెకు. ఈ కాగితాలు టైపు చేసింది ఆమే. చేశాక మొదటి నుంచి చివరిదాకా చదివింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. “ఎన్ని కాపీలు తియ్యమంటరు సార్?” అని అడిగింది.